గాజువాక నుంచి విశాఖ చూద్దాం

పిల్లలూ! సెలవుల్లో మీ ఇంటికి చుట్టాలు వచ్చి "విశాఖపట్నం చూపించండి" అని అడిగితే మీరు ఎక్కడికి తీసుకుపోతారు? రామకృష్ణా బీచికి, కైలాసగిరికి తీసుకుపోతారు. ఇంకో రోజు మిగిలితే అరకు రైలు ఎక్కిస్తారు. మంచిదే. కాని మా గాజువాక పిల్లలను ఇదే ప్రశ్న అడిగి చూడండి. "మా వైపు చూడటానికి ఏమున్నదండీ? అన్నీ ఫ్యాక్టరీలూ, లారీలూనూ!" అంటారు.

ఈ జవాబు నేను ముప్పై అయిదేళ్లపాటు బడిలో విన్నాను. ఉద్యోగం విరమించి ఇంట్లో కూర్చున్నాక మా వీధి పిల్లల నోట మళ్లీ వింటున్నాను. అందుచేత ఈ ఊళ్లో నాకు ఇష్టమైన తిరుగుళ్లు కొన్ని మీకు చెబుతాను. వీటిలో చాలావాటికి టిక్కెట్టు లేదు. బస్సు చార్జీ, ఒక మంచినీళ్ల సీసా, తలకు టోపీ ఉంటే చాలు. వీలైతే జేబులో ఒక చిన్న సూదంటురాయి కూడా వేసుకోండి. పాడైపోయిన రేడియో స్పీకరులో నుంచి ఊడదీసినదైనా సరే. దానితో పని ఉన్నది.

గాజువాక విశాఖపట్నానికి నైరుతి దిక్కున, చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నది. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసేదాకా ఇది వేరే మునిసిపాలిటీ. వాక అంటే వాగు అని నిఘంటువులో అర్థం చెప్పారు. ఇప్పుడు జంక్షనులో నిలబడితే వాగు కనపడదు గాని, వాహనాల ప్రవాహానికి మాత్రం లోటు లేదు. ఆ జంక్షనులో రోడ్డు పక్కన ఏదైనా అరుగు చూసుకుని, కళ్లు మూసుకుని అయిదు నిమిషాలు కూర్చోండి. ఊరికే వినండి. శ్రీకాకుళం యాస వినిపిస్తుంది, గోదావరి యాస వినిపిస్తుంది. ఒక కూరగాయల బేరం ఒరియాలో సాగుతుంది. వెనక నుంచి హిందీ, బెంగాలీ, మలయాళం కూడా వినపడతవి. ఒక మామూలు పల్లెటూరికి ఇన్ని భాషలు ఎట్లా వచ్చి చేరినవి? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ తిరిగితే ఊరంతా చూసినట్టే అవుతుంది.

మొదట సింధియా పోదాం. గాజువాక నుంచి మల్కాపురం వైపు పోయే బస్సు ఎక్కితే, కండక్టరు "సింధియా, సింధియా!" అని కేక వేసే చోటు ఒకటి వస్తుంది. సింధియా అనేది ఊరి పేరు కాదు, ఒక ఓడల కంపెనీ పేరు. 1919లో పుట్టిన కంపెనీ అది. ఆ రోజుల్లో మన దేశపు సముద్రాల మీద తిరిగే పెద్ద ఓడలన్నీ దాదాపు తెల్లవాళ్లవే. మన ఓడలు మనమే కట్టుకోవాలని ఆ కంపెనీకి చెందిన వాల్‌చంద్ హీరాచంద్ అనే ఆయన పట్టుబట్టాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడ ఓడల కార్ఖానాకు శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకముందే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు వచ్చి విశాఖపట్నం మీద బాంబులు వేసినవి. జనం మూటలు కట్టుకుని ఊళ్లకు పరుగెత్తారు. అయినా పట్టు వదలలేదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948 మార్చి 14న, "జల ఉష" అనే 8,000 టన్నుల ఓడను జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడే నీళ్లలోకి దించారు.

అంత బరువైన ఓడను నీళ్లలోకి దించటం ఎట్లాగో మీరు ఎప్పుడైనా ఆలోచించారా? దాన్ని ఎవరూ మోయరు, క్రేనులతో ఎత్తరు. ఏటవాలుగా కట్టిన గట్టు మీద, ముందునుంచే నీళ్ల వైపు వాలి ఉండేటట్టు ఓడను నిర్మిస్తారు. అడుగున పట్టాలకు కొవ్వు పట్టిస్తారు. ఆనాడు అడ్డంగా పెట్టిన దిమ్మెలు తీసేస్తారు. అంతే! ఓడ తన బరువుతో తానే జారిపోతుంది. మీరు పార్కులో జారుడుబల్ల మీద చేసే పనే అది. 1952లో ప్రభుత్వం ఆ కార్ఖానాలో పెద్ద వాటా తీసుకున్నది, 1961లో మొత్తం తీసుకున్నది. పేరు హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. కాని మా బస్సు కండక్టర్లు ఆ మార్పును ఈనాటికీ ఒప్పుకోలేదు!

సింధియా దాటినాక రోడ్డు యారాడ కొండ ఎక్కుతుంది. నాకు ఈ ఊళ్లో ఒకే ఒక్క చోటు ఎంచుకోమంటే ఈ కొండదారినే ఎంచుకుంటాను. పొద్దున్నే, ఎండ ముదరకముందే వెళ్లాలి. పైనుంచి చూస్తే ఒక పక్క ఓడరేవు, ఇంకో పక్క సముద్రం. ఈ కొండ సముద్రంలోకి ముట్టెలాగా పొడుచుకుని పోయింది. ఆ ముట్టెను చూచి దీనికి డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టారు. డాల్ఫిన్ ముక్కు అన్నమాట. దాని మీద ఒక దీపస్తంభం ఉన్నది, 1957 నుంచీ ఓడలకు దారి చూపుతున్నది. చుట్టుపక్కల నౌకాదళం వారి స్థలాలు ఉన్నవి గనక, బోర్డు పెట్టినచోట ఆగిపోవాలి. ఫొటోలు తీయవద్దంటే తీయవద్దు.

ఈ కొండ లేకపోతే రేవు లేదు. మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట పూర్వం పెద్ద చిత్తడి నేల ఉండేది. కొండ నైరుతి గాలిని, అలల దెబ్బను ఆపుతుంది. అందుచేత ఆ చిత్తడిని తవ్వి, లోతు చేసి, సముద్రంలోకి ఒక సన్నని కాలువ తీస్తే ఓడలు లోపల క్షేమంగా ఉండవచ్చునని ఇంజనీర్లు లెక్క వేశారు. 1933 అక్టోబరు 7న మొదటి ఓడ లోపలికి వచ్చింది. దాని పేరు "జల దుర్గ". అది కూడా సింధియా వారి ఓడే.

ఇక అసలు వేడుక. ఓడ ఒకటి లోపలికి వచ్చే వేళ దొరికితే కదలకుండా కూర్చుని చూడండి. రేవు నుంచి ఒక చిన్న పడవ బయటికి పోతుంది. అందులో పైలట్ ఉంటాడు. విమానం నడిపే పైలట్ కాదు. ఈ రేవులో ఎక్కడ లోతు, ఎక్కడ మెరక, ఎక్కడ సుడి అన్నీ తెలిసిన మనిషి. ఓడ కప్తాను ప్రపంచమంతా తిరిగినవాడే కావచ్చు, కాని ఈ కాలువ దగ్గరకు వచ్చేసరికి ఈ స్థానికుడి మాట వినవలసిందే. పైలట్ తాళ్ల నిచ్చెన మీదుగా ఓడ ఎక్కుతాడు. టగ్గులనే పొట్టి పడవలు ముందూ వెనకా పట్టుకుంటవి. కొండంత ఓడను చీమలు మిడతను లాక్కుపోయినట్టు ఇరుకు కాలువలో మెల్లమెల్లగా లాక్కుపోతవి.

మా పిల్లలకు నేను ఒక పందెం పెట్టేవాణ్ణి. ఓడలో సరుకు ఉన్నదా, ఖాళీయా? దూరం నుంచే చెప్పాలి. చాలా ఓడలకు నీళ్లలో మునిగే భాగానికి ఎర్రరంగు వేస్తారు. ఎరుపు బాగా కనపడుతుంటే ఓడ తేలికగా ఉన్నదన్నమాట. ఎరుపు మునిగి, నలుపు మాత్రమే కనపడితే కడుపునిండా సరుకు ఉన్నట్టు. ఓడ వచ్చేటప్పుడు ఎట్లా ఉన్నది, పోయేటప్పుడు ఎట్లా ఉన్నది అని రాసిపెట్టుకుంటే, సరుకు దించి పోయిందో ఎక్కించుకుని పోయిందో ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది.

కొండ ఎక్కలేనివారు పాతపట్నం పోయి రాస్ కొండ ఎక్కవచ్చు. అక్కడ ఒకదాని పక్కన ఒకటి మూడు చిన్న కొండలు ఉన్నవి. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి కోవెల. కాలువలో పోయే ఓడకు ఆ మూడూ కనపడతవి.

ఈ రేవుకు ఒక శత్రువు కూడా ఉన్నది. అది ఇసుక. మన తూర్పు తీరంలో సముద్రం ఏటా ఇసుకను మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతుంటుంది. దారిలో కాలువ నోరు కనపడితే అందులో పోసేస్తుంది. దీన్ని ఆపటానికి తొలిరోజుల్లో ఇంజనీర్లు ఒక తమాషా పని చేశారు. రెండు పాత ఓడలను రాళ్లతో నింపి, కాలువ నోటికి దక్షిణంగా ముంచి, గోడలాగా నిలబెట్టారు. 1976లో బయటి రేవు కట్టినప్పుడు సముద్రంలోకి ఇంకా పెద్ద గోడలు వేశారు. ఇసుక ఆగింది. కాని ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచికి రావలసిన ఇసుక కూడా ఆగిపోయింది! అలలు ఉన్న ఇసుకను తీసుకుపోతవి, కొత్త ఇసుక రాదు. అందుచేత రేవు దగ్గర తవ్వి తీసిన ఇసుకను పంపులతో బీచి వైపు పోస్తుంటారు. ఈసారి బీచికి పోయినప్పుడు మీ కాళ్లకింద ఇసుక సముద్రం తెచ్చినదా, యంత్రం తెచ్చినదా అని ఆలోచించండి.

కొండ దిగితే యారాడ ఊరు, దాని ముందు సముద్రతీరం. మూడు వైపులా కొండలు, ఒక వైపు నీళ్లు. చూడటానికి ఎంత అందమైనదో దిగటానికి అంత ప్రమాదకరమైనది. ఈత వచ్చినా సరే, నీళ్లలోకి దిగకండి. ఈ మాట నేను ఊరికే భయపెట్టటానికి అనటంలేదు.

ఇప్పుడు సూదంటురాయి బయటికి తీయండి. దాన్ని ఒక పలుచని కాగితంలో చుట్టండి. అల వెనక్కి పోయినచోట ఇసుక మీద కాటుక గీసినట్టు నల్లని చారలు కనపడతవి. కాగితంతో సహా రాయిని ఆ చారల మీద ఆడించండి. నల్లని రేణువులు మీసంలాగా నిక్కి అంటుకుంటవి! కాగితం విప్పితే పొడి రాలిపోతుంది. కాగితం లేకుండా చేశారంటే ఆ మీసాన్ని గీకటానికి మీకు ఒక పూట పడుతుంది. ఆ రేణువులు మాగ్నెటైటు, ఇల్మనైటు అనే ఖనిజాలు. రెండింటిలోనూ ఇనుము ఉన్నది. తూర్పుకనుమల రాళ్లు వేల ఏళ్లుగా అరిగి, గెడ్డల్లో కొట్టుకు వచ్చి సముద్రం చేరినవి. తెల్ల ఇసుక తేలిక, అల దాన్ని తీసుకుపోతుంది. ఇవి బరువు, వెనకే మిగిలిపోతవి. చేటలో చెరిగినప్పుడు పొట్టు ఎగిరి, గింజ మిగిలినట్టు.

"అయితే మాస్టారూ, మన ఉక్కు ఫ్యాక్టరీలో ఇనుము ఈ ఇసుకలో నుంచే తీస్తారా?" అని ఒక పిల్లవాడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. కాదు. ఆ ఇనుపరాయి చాలా దూరం నుంచి, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల నుంచి వస్తుంది. 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి ఒక రైలుదారి వేశారు. అరకు పోయే రైలు నడిచేది ఆ దారి మీదే. మీరు కిటికీ దగ్గర కూర్చుని సొరంగాలు లెక్కపెట్టే దారి నిజానికి జపానుకు ఇనుపరాయి పంపటానికి పుట్టింది! ఎదురుగా వచ్చే గూడ్సుబండి పెట్టెలు ఎర్రగా దుమ్ముపట్టి ఉంటే చూడండి. అదే ఇనుపరాయి.

రాత్రి భోజనాలయినాక డాబా ఎక్కి దక్షిణం వైపు చూడటం మా గాజువాకలో చాలా మందికి అలవాటు. చీకట్లో ఎక్కడో ఒక మంట రెపరెపలాడుతుంటుంది. ఉక్కు ఫ్యాక్టరీలో వాడగా మిగిలిన వాయువును గొట్టం చివర మండిస్తారు. ఆ వెలుగే అది. కింద ఏమి జరుగుతున్నదో చెబుతాను. బొగ్గును గాలి తగలకుండా గంటల తరబడి ఏడు మీటర్ల ఎత్తు బట్టీల్లో కాలిస్తే కోకు తయారవుతుంది. ఆ కోకు, ఇనుపరాయి, సున్నపురాయి ఒక పెద్ద కొలిమిలో పైనుంచి పోస్తారు. కింది నుంచి వేడిగాలి ఊదుతారు. ఇనుపరాయిలో ఇనుమూ ప్రాణవాయువూ గట్టిగా అంటిపెట్టుకుని ఉంటవి. కోకు నుంచి పుట్టిన వాయువు ఆ ప్రాణవాయువును లాక్కుని పోతుంది. ఒంటరిగా మిగిలిన ఇనుము కరిగి అడుగున చేరుతుంది. సున్నపురాయి మలినాలను పట్టుకుని చిట్టెమై పైన తేలుతుంది. ఊళ్లో కమ్మరి కొలిమి చూసినవారికి ఇది కొత్త కాదు. తిత్తి పెద్దది, అంతే. ఎర్రగా కాలిన కోకును చాలాచోట్ల నీళ్లు పోసి చల్లారుస్తారు. ఇక్కడ మొదటి నుంచీ నత్రజని వాయువుతో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి, కరెంటు తీసే ఏర్పాటు చేశారు.

ఈ కొలుములకు పేర్లు ఉన్నవి. మొదటి రెండూ గోదావరి, కృష్ణ. తరవాత వచ్చినది అన్నపూర్ణ. ఫ్యాక్టరీకి నీరు ఏలేరు కాలువ ద్వారా 150 కిలోమీటర్ల పైగా నడిచి వచ్చి కణితి జలాశయంలో నిలవ ఉంటుంది. బొగ్గు ఎక్కువగా ఓడల మీద వస్తుంది. అందుకే సముద్రపు ఒడ్డున కట్టారు. మన దేశంలో సముద్రతీరాన కట్టిన మొదటి పెద్ద ఉక్కు కర్మాగారం ఇదే. లోపలికి పోవాలంటే ముందుగా అనుమతి కావాలి. మీ బడి వారిని అడగమనండి. అవకాశం దొరికితే ఎర్రగా కాలిన ఉక్కు కడ్డీ మిల్లులో పాములాగా పరుగెత్తటం తప్పక చూడండి. ఇంత దూరాన నిలబడ్డా దాని సెగ చెంపకు తగులుతుంది.

ఈ ఫ్యాక్టరీ ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతా లేచింది. టి. అమృతరావు అనే ఆయన విశాఖలో నిరాహారదీక్ష చేశారు. ఆ ఏడాది నవంబరు 1న ఈ ఊళ్లో కాల్పులు జరిగినవి. ఆ ఆందోళనలో రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలు పోయినవి. అప్పుడు నేను చాలా చిన్నవాణ్ణి, బడులు మూసేశారని మాత్రం జ్ఞాపకం. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ఇస్తున్నట్టు చెప్పారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. మొత్తం పూర్తయి జాతికి అంకితమైంది మాత్రం 1992 ఆగస్టు 1న. శంకుస్థాపననాడు బడిలో చేరిన పిల్లవాడు అప్పటికి ఉద్యోగం వెతుక్కునే వయసుకు వచ్చాడు!

ఇంకొక సంగతి. ఇంత ఫ్యాక్టరీ గాలిలో లేవదు గదా, దానికి నేల కావాలి. 64 ఊళ్లవారు ఇళ్లూ పొలాలూ, తాటితోపులూ జీడితోటలూ ఇచ్చి లేచిపోయారు. పెదగంట్యాడ, అగనంపూడి, వడ్లపూడి దగ్గర వారికి కాలనీలు వేశారు. ఇల్లు పోయినవారికి ఆర్-కార్డు అని ఒక కార్డు ఇచ్చారు. ఆ కార్డు మీద ఉద్యోగం దొరికినవారు ఉన్నారు. దొరకక తాతనాటి నుంచి దాన్ని ట్రంకుపెట్టెలో దాచుకున్నవారూ ఉన్నారు. బడిలో పిల్లలను చేర్చుకునేటప్పుడు స్వగ్రామం అని ఒక గడి నింపుతాము. కాలనీ నుంచి వచ్చిన ఒక తాతగారు ప్రతి మనుమడికీ ఆ గడిలో పాత ఊరి పేరే రాయించేవాడు. పటం తెచ్చి వెతికితే ఆ పేరు లేదు. "ఉందండీ, ఎక్కడికి పోతుంది? పైన కొలిమి ఉన్నాది, కింద మా ఊరు ఉన్నాది" అన్నాడు. నేను ఆ పేరే రాశాను.

సొంత ఇనుపగనులు లేకపోవటం ఈ ఫ్యాక్టరీకి మొదటినుంచీ పెద్ద లోటు. నష్టాలు వచ్చినవి. 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వం దీన్ని ప్రైవేటువారికి అమ్మటానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. కార్మికులు కూర్మన్నపాలెంలో శిబిరం వేసి ఏళ్ల తరబడి దీక్షలు చేశారు. 2025 జనవరిలో ప్రభుత్వం 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది. దీని ముందుసంగతి ఏమిటని మీ నాన్నగారినీ, పక్కింటి మామయ్యగారినీ అడగండి. ఒకరి జవాబు ఒకరికి సరిపడకపోవచ్చు. ఇద్దరు చెప్పేదీ వినండి.

చాలా బరువైన సంగతులు చెప్పాను. ఇక కాస్త ఆకలి సంగతి. తెల్లవారుజామున చేపలరేవుకు పోయి చూడండి. మరపడవలు వరసగా వచ్చి ఆగుతవి. గంపల్లో వంజరం, చందువ, కానాగంతలు, నెత్తళ్లు, రొయ్యలు. అప్పుడప్పుడు చాపంత టేకు చేప కూడా కనపడుతుంది. పాట పాడే ఆయన ధర చెప్పే వేగానికి మీ ఎక్కాలు నిలవవు! మా పిల్లల్లో లెక్కలంటే భయపడే ఒకడు అక్కడ అమ్మ పక్కన నిలబడి గంప ధర, ఖర్చు, మిగులు నోటితోనే చెప్పేవాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాత్రం మరపడవలు పోవు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం గనక వేట నిషేధం. ఆ రోజుల్లో వెళితే వలలు బాగుచేసుకోవటం చూడవచ్చు. ఎండాకాలం రోడ్డు పక్క తాటిముంజెలు, చలికాలం తేగలు, బీచిలో సాయంత్రం పూట నిమ్మకాయ పిండిన మూరీ మిక్చరు. ఇంతకంటె నేను చెబితే మీ అమ్మగారు నన్ను కోప్పడతారు.

బీచి అన్నాను గనక కుర్‌సురా జలాంతర్గామిని మరిచిపోరాదు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో ఒడ్డెక్కి మ్యూజియం అయింది. 91 మీటర్ల పొడవు, లోపల 75 మంది. అంతమంది పడుకునే చోటు, వండుకునే చోటు చూస్తే, "మా ఇల్లు ఇరుకు" అని మీరు ఇక అనరు.

సింహాచలం అందరికీ తెలిసినదే. కాని కారులో పోకుండా కింద అడివివరం నుంచి మెట్లదారిన పోండి. వెయ్యికి పైన మెట్లు. దారిలో పనసచెట్లు, అనాసతోటలు, కాలం కుదిరితే సంపెంగ వాసన. స్వామి ఏడాది పొడుగునా చందనంలో ఉంటాడు, అక్షయతృతీయనాడు మాత్రం నిజరూపం. శ్రీకృష్ణదేవరాయలు వచ్చినట్టు 1516 నాటి శాసనం అక్కడే ఉన్నది. రాతి మీద తెలుగు అక్షరాలు పోల్చుకోవటానికి ప్రయత్నించండి. కొన్ని అక్షరాలు మన పలకమీది అక్షరాలకు తాతముత్తాతల్లాగా కనపడతవి.

ఇనుము సంగతి ఇంకా అయిపోలేదు. భీమిలి పోయే దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నవి. ఎందుకు ఎర్రన? ప్రతి ఇసుక రేణువుకూ తుప్పు పొర ఉన్నది! ఇనుము గాలితో, తేమతో కలిస్తే తుప్పు అవుతుంది గదా, ఆ రంగే అది. వేల ఏళ్ల కిందట, ప్రపంచం చల్లగా ఉండి నీళ్లు మంచుగా గడ్డకట్టిన కాలంలో, సముద్రం ఇప్పటికంటె చాలా వెనక ఉండేది. బయటపడ్డ ఇసుకను గాలి తెచ్చి ఇక్కడ కుప్ప పోసింది. తరవాత వాన దాన్ని కోసి సందులూ గొందులూ చేసింది. ఇటువంటి ఎర్రదిబ్బలు తమిళనాట, సింహళంలో తప్ప ఈ ప్రాంతాల్లో మరెక్కడా లేవు. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో కూడా చేరినవి. అయినా వీటి చుట్టూ తవ్వకాలు, చదునుచేయటాలు జరిగినవి. వాన కోసిన గండి ఒకటే, యంత్రం కోసిన గండి ఒకటే అని అనుకోరాదు. వాన కోసిన దాని అంచులు గుండ్రంగా, కొంగుముడతల్లాగా ఉంటవి. యంత్రం కోసినది కత్తితో తరిగిన రొట్టెలాగా ఉంటుంది. ఒకసారి వెళ్లి పోల్చి చూడండి. గట్టుల అంచుల మీద ఎక్కి జారకండి. మీరు ఒక్కసారి జారితే ఎన్నో వానలు చేసిన పని చెదిరిపోతుంది. గుర్తుగా సీసాలో ఇసుక తెచ్చుకోవటం కూడా వద్దు.

నేను ఎక్కువగా పోయేది మాత్రం అప్పికొండకు. ఉక్కు ఫ్యాక్టరీకి దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్నది. పాతకాలపు సోమేశ్వరాలయం, దాని ముందు రాళ్లు తేలిన తీరం. శివరాత్రికి ఇసుక కనపడనంత జనం వస్తారు. మామూలు రోజుల్లో నలుగురైదుగురు ఉంటారు, అంతే. జాతరలో పక్కన కూర్చున్న ముసలమ్మను "ఏ ఊరమ్మా?" అని అడగండి. ముందు కాలనీ పేరు చెబుతుంది. "అంతకుముందు?" అని అడిగితే ఇంకో పేరు చెబుతుంది. ఆ రెండో పేరు మీ పుస్తకంలో రాసుకోండి.

సాయంత్రం నాలుగింటికి చేరితే ఎండ వెనక్కి పోయి, సముద్రం నీలంగా తేటపడుతుంది. వెనకవైపు పొగగొట్టాలు, ఎదుట గుడి. ఉత్తరాన గంగవరం రేవు. అది 2009లో తెరిచినది, 21 మీటర్ల లోతు గలది. దానికోసం దిబ్బపాలెం అనే బెస్తపల్లె లేచిపోయింది. ఆ రేవులోకి పోవలసిన ఓడలు వంతు వచ్చేదాకా దూరంగా లంగరు వేసుకుని నిలబడి ఉంటవి. రాళ్ల మీద కూర్చుని వాటిని లెక్కపెట్టండి. ఎరుపు కనపడేవి ఎన్ని, మునిగినవి ఎన్ని అని వేరు వేరుగా రాయండి. నేను కిందటి ఆదివారం పోయినప్పుడు మొత్తం తొమ్మిది ఉన్నవి, అందులో ఏడు బరువుతో ఉన్నవి. చీకటిపడితే వాటి దీపాలు వెలుగుతవి, అప్పుడు లెక్కపెట్టటం ఇంకా తేలిక. కాని వెనక్కి పోయే ఆటో దొరకటం కష్టం, చూసుకోండి.